వెల్డింగు, రంగుల దుకాణములలో ఆలస్యముగా తెలియు ఆపదలు

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



ఒకప్పుడు మన గ్రామములలో కొలిమి ఉండెడిది. కమ్మరి తిత్తి ఊదుచుండగా రైతు ఎదుట కూర్చుండి నాగటి కర్రును సాగగొట్టించుకొనెడివాడు. నేడు అనేక గ్రామములలో ఆ కొలిమి స్థానమున వెల్డింగు దుకాణము వెలసినది. ఇంటి గేటు, కిటికీ గ్రిల్లు, ట్రాక్టరు ట్రక్కు, గొర్రు, బడి బల్ల, చెత్తబండి, ఇనుముతో చేయవలసినది ఏదైనను అచ్చటనే తయారగుచున్నది. దాని ప్రక్కనే రంగు వేయు పాక. ఈ పనులు చేయువారు పరులు కారు, మన ఊరి బిడ్డలే. పదవ తరగతియో, ఐ.టి.ఐ.యో చదివి, పట్టణమునకు పోక, అప్పుచేసి యంత్రము కొనుక్కొని, ఉన్న ఊరిలోనే నిలిచినవారు. వారు నాలుగు కాలములపాటు ఆరోగ్యముగా పనిచేసికొనుట వారి ఇంటికే కాదు, ఊరికిని అవసరము.

ఆ దుకాణములలో పొంచియున్న ప్రమాదములను గుర్తించుట ఎట్లు, వానిని అదుపులో నుంచుట ఎట్లు అను విషయమును గురించి మీతో కొంతసేపు ముచ్చటింపదలచినాము. ఇది ఇంజనీర్లకు మాత్రమే తెలియవలసిన విద్య కాదు. నిలిచి చూచు ఓపిక, అడుగు చనువు ఉన్న పెద్దమనిషి ఎవరైనను దీనిని గ్రహింపవచ్చును.

కొంతకాలము క్రిందట మేమొక గ్రామమునకు పోయియుంటిమి. బస్సు ఆగు చోటనే వెల్డింగు దుకాణము ఉన్నది. పాతికేండ్ల యువకుడొకడు నేలపై గొంతుకూర్చుండి గేటును అతుకుచున్నాడు. చేతిలో హోల్డరు ఉన్నది కాని ముఖమునకు అడ్డముగా అద్దము లేదు. మెరుపు వచ్చు క్షణమున తల ప్రక్కకు త్రిప్పి కన్నులు మూయుచున్నాడు. బడి విడిచిన పిల్లలు నలుగురైదుగురు చుట్టు నిలిచి ఆ నీలి వెలుగును వేడుకగా చూచుచున్నారు. మేము పిల్లలను ఇండ్లకు పంపి, “కన్నులు మండవా, నాయనా?” అని యడిగితిమి. అతడు నవ్వి, “ఇప్పుడేం కాదండీ. రాత్రికి కళ్లలో ఇసక పోసినట్టుంటుంది. బంగాళదుంప ముక్క కట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి సర్దుకుంటుంది” అని బదులు చెప్పెను.

“ఇప్పుడేం కాదండీ” అను ఆ మాటయే నేటి మా ప్రసంగమునకు మూలము. నిప్పు తగిలిన చేయి వెంటనే వెనుకకు వచ్చును. నొప్పియే మన దేహమునకు కావలి. కాని ఈ దుకాణములలోని ఆపదలు పెక్కు ఆ కావలివాని కన్నుగప్పి లోనికి వచ్చును. వెలుగు చేసిన గాయము రాత్రికి తెలియును. పొగ చేసిన కీడు సాయంకాలము జ్వరముగా తెలియును. రంగు ఆవిరి చేసిన చేటు ఏండ్లు గడచిన పిదప తెలియును. కావున పనివాని బాధను బట్టి ప్రమాదమును కొలుచుట పొరపాటు. బాధ పుట్టకమునుపే, పని మొదలిడకమునుపే దానిని గుర్తింపవలెను.

కంటికి తగులు మెరుపు

వెల్డింగు రాడ్డు కొన ఇనుమును తాకి లేచినప్పుడు పుట్టు మెరుపులో మనకు కనబడు వెలుగు కొంత మాత్రమే. కనబడని అతినీలలోహిత కిరణములు అందులో మెండుగా నుండును. ఎండలో చర్మమును కమలజేయునవి ఆ జాతి కిరణములే. అవి నల్లగ్రుడ్డును కప్పియున్న పారదర్శకమైన పొరను కాల్చును. కాలినప్పుడు ఏమియు తెలియదు. సాధారణముగా 6 మొదలు 12 గంటల పిదప, అనగా అందరు నిద్రించు వేళ, కన్నులు ఎర్రబడి, నీరు కారి, వెలుగు చూడలేని మంట పుట్టును. ఒకటి రెండు దినములలో అది సామాన్యముగా నయమగును. అందుచేతనే దానిని ఎవరును లక్ష్యపెట్టరు. కాని ఏండ్ల తరబడి ఈ కిరణములకు లోబడుట కంటి క్యాన్సరుకు కారణము కాగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ నిర్ణయించినది.

కంటిలో చనుబాలు పిండుట, ఆముదము వేయుట, దుంప ముక్క కట్టుట మొదలైనవి మన పల్లెలలో వాడుక. కాలిన పొరపై ఇట్టివి వేసినచో క్రిములు చేరి పుండు పడవచ్చును. ఇంతకంటె హానికరమైన అలవాటు మరియొకటి కలదు. స్పర్శను పోగొట్టు చుక్కల మందును కొందరు సంపాదించి దగ్గర నుంచుకొందురు. అది వైద్యుడు పరీక్ష కొరకు వేయునది. ఇంటిలో మాటిమాటికి వేసికొన్నచో నొప్పి తెలియదు, పుండు మానదు, తుదకు చూపే పోవచ్చును. చల్లని నీటి గుడ్డ కప్పుకొని, చీకటి గదిలో విశ్రమించి, ఉదయమే కంటి వైద్యునికి చూపుకొనుట మేలు.

దీనికి నివారణ సులభము. చేతి వెల్డింగుకు సామాన్యముగా 10 లేక 11 నంబరు నల్ల అద్దము గల పూర్తి ముఖ కవచము కావలెను. చలువ కళ్లద్దములు ఈ పనికి చాలవు. పనివాడు కవచము ధరించినంతమాత్రమున చుట్టునున్నవారికి రక్షణ కలుగదు. పనిచేయు చోటికి మూడు ప్రక్కల మనిషి ఎత్తు రేకు గాని, సులభముగా అంటుకొనని మందపు తెర గాని నిలుపవలెను. దారిన పోవువారి కంటికి మెరుపు కనబడుచున్నదన్నచో ఆ దుకాణమునకు తెర చాలలేదనియే అర్థము. ఈ పరీక్షను మీరు బాటమీదనుండియే చేయవచ్చును. అయితే మెరుపును తేరిచూడక, గోడమీద పడు వెలుగును మాత్రమే చూడవలెను.

పొగ, పూత, జ్వరము

వెల్డింగు పొగ కట్టెల పొగ వంటిది కాదు. కరిగిన లోహము ఆవిరియై, గాలిలో చల్లబడి, మిక్కిలి సూక్ష్మమైన రేణువులుగా మారును. అవి ఊపిరితిత్తుల అడుగునకు చేరును. ముక్కునకు కట్టిన చేతిరుమాలు వానిని ఆపజాలదు. ఈ పొగ ఊపిరితిత్తుల క్యాన్సరును కలిగించునని 2017లో పైన చెప్పిన సంస్థయే తీర్మానించినది. రాడ్డులోను, ఉక్కులోను ఉండు మాంగనీసు చిరకాలము మితిమీరి లోనికి పోయినచో నరములకు కీడు చేసి, చేతుల వణకును, నడకలో మందకొడితనమును కలిగింపవచ్చును.

మన గ్రామములలో తరచుగా జరుగునది జీ.ఐ. పైపులను అతుకుట. పందిళ్లకు, కంచెలకు, నీటి పైపులకు వానినే వాడుదురు. తుప్పు పట్టకుండ వానిపై జింకు పూత వేయుదురు. ఉక్కు కరుగుటకు సుమారు 1,500 డిగ్రీల వేడి కావలెను, జింకు 907 డిగ్రీలకే మరుగును. అనగా ఇనుము కరుగకమునుపే పూత తెల్లని పొగయై పైకి లేచును. ఆ పొగ పీల్చినవానికి పగలు ఏమియు తోచదు. కొన్ని గంటలు గడచి, ఇంటికి చేరిన తరువాత, నోరు లోహపు రుచి పట్టి, చలి, ఒడలు నొప్పులు, జ్వరము వచ్చును. ఇంటివారు దానిని మలేరియా యనియో, ఎండదెబ్బ యనియో భావింతురు. ఒకటి రెండు దినములలో అది తగ్గును. ప్రతిదినము ఈ పని చేయువానికి దేహము కొంత అలవాటుపడి జ్వరము రాదు. ఒకటి రెండు దినములు సెలవు తీసికొని మరల పనికి వచ్చిన నాడు తిరిగి వచ్చును. సెలవు మరునాటి జ్వరము పొగ జ్వరము కావచ్చునని అనుమానింపవలెను. ఆయాసము, రొమ్ము నొప్పి ఉన్నచో జాగు చేయక ఆసుపత్రికి చేర్పవలెను. దేనిని అతికినారో వైద్యునికి తప్పక చెప్పవలెను.

బెల్లము తిన్నచో పొగ విరుగునని, పాలు త్రాగినచో దిగునని పనివారిలో ఒక నమ్మకము కలదు. బెల్లము, పాలు మంచి ఆహారమే. కాని ఊపిరితిత్తులలోనికి పోయిన పొగను కడుపులోనికి పోయిన బెల్లము కడుగజాలదు. చేయవలసినది వేరు. అతుకు పడు చోటికి ఇరుప్రక్కల రెండంగుళముల మేర జింకు పూతను ముందుగా అరగదీయవలెను. ఆ అరగదీయునప్పుడు దుమ్ము పీల్చకుండ తగిన మాస్కు ధరింపవలెను. పని ఆరుబయట గాని, గాలి ధారాళముగా వీచు కొట్టములో గాని చేయవలెను. గాలి తన ప్రక్కనుండి వీచునట్లు కూర్చుండి, పైకి లేచు పొగ ముఖమునకు తగులకుండ తలను ప్రక్కకు ఉంచవలెను. మూసిన గదిలో పనిచేయక తప్పనిచో పొగను పుట్టిన చోటనే లాగి వెలుపలికి పంపు ఫ్యాను అమర్పవలెను.

రంగు పాకలోని ఆవిరి

ఇక రంగు పనికి వత్తము. చిత్రకారుల రంగుల మాట వేరు, ఇచ్చట మేము చెప్పునది థిన్నరు కలిపి స్ప్రే గన్నుతో కొట్టు రంగుల సంగతి. థిన్నరులో టొలువీను, జైలీను వంటి ద్రవములు ఉండవచ్చును. వాని ఆవిరి తలనొప్పిని, మైకమును, వాంతిని కలిగించును. బయటి గాలికి వచ్చినచో కొంతసేపటికి తేరుకొందురు. తేరుకొన్నారు కనుక ఏమియు కాలేదని తలచుదురు. రంగు వేయు వృత్తి క్యాన్సరుకు కారణము కాగలదని 1989లోనే అంతర్జాతీయముగా నిర్ణయము జరిగినది.

ట్రాక్టర్లకు, కార్లకు మెరుగు పెట్టుటకై రెండు డబ్బాలలోని ద్రవములను కలిపి కొట్టు రంగు ఒకటి కలదు. ఇట్టి రంగులు అనేకములలో గట్టిపరచు ద్రవమునందు ఐసోసయనేటు అను రసాయనము ఉండును. అది కొందరికి ఉబ్బసము కలిగించును. ఒకమారు ఒంటికి పడకపోవుట మొదలైనచో ఆ తరువాత స్వల్పమైన ఆవిరి తగిలినను ఊపిరి ఆడదు. అట్టివాడు ఆ వృత్తినే విడువవలసివచ్చును. ఈ రంగు కొట్టుటకు గుడ్డ మాస్కు ఏ మాత్రము పనికిరాదు. వెలుపలి స్వచ్ఛమైన గాలిని గొట్టము ద్వారా అందించు ముఖ కవచము, గాలిని లాగివేయు గది రెండును కావలెను. అవి లేని పాకలో ఆ రంగును చేపట్టకుండుటయే వివేకము. బ్రష్షుతో వేయదగిన మామూలు ఎనామెలుతోనో, నీటితో కలుపు రంగుతోనో సరిపెట్టుకొనవచ్చును.

సీసము మరియొక శత్రువు. గృహములకు, అలంకరణకు వాడు రంగులలో సీసము పది లక్షల భాగములలో 90 భాగములకు మించరాదని మన కేంద్ర ప్రభుత్వము 2016లో నిబంధన చేసినది. అది 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. పరిశ్రమలకై అమ్ము రంగులకు ఆ నిబంధన వర్తింపదు. పాత గేట్ల మీది రంగు అంతకుముందు వేసినదే కదా! దానిని పొడిగా గీకినచో సీసపు దుమ్ము లేచి బట్టలకు అంటుకొని ఇంటికి చేరును. తండ్రి ఒడిలో కూర్చున్న పసివాని తెలివిని అది హరించును. పాత రంగును తడిపి గీకవలెను. పని బట్టలను దుకాణముననే విడిచి, చేతులు, ముఖము సబ్బుతో కడుగుకొని, పిదప అన్నము ముట్టవలెను. చేతులను థిన్నరుతో కడుగుకొను అలవాటును మాన్పవలెను.

థిన్నరును నీళ్ల సీసాలోనో, కూల్‌డ్రింకు సీసాలోనో పోసి గూటిలో పెట్టుట కూడదు. దప్పిక గొన్న పిల్లవాడు దానిని నీరనుకొని త్రాగును. అట్లు జరిగినచో వాంతి చేయింపరాదు, వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. థిన్నరు ఆవిరి గాలికంటె బరువైనది. అది నేలబారుగా ప్రాకి, దూరమున వెలుగుచున్న అగరువత్తిని గాని, బీడీని గాని అంటుకొని మంటను వెనుకకు తెచ్చును. కావున వెల్డింగు, రంగు ఒకే కప్పు క్రింద ఒకే సమయమున జరుగరాదు.

క్షణములో వచ్చు ఆపదలు

ఇంతవరకు ఆలస్యముగా తెలియువానిని చెప్పితిమి. క్షణములో ప్రాణము తీయునవియు గలవు. వానికిని ఒక మోసపు గుణము ఉన్నది. నూరుసార్లు ఏమియు జరుగకుండుట చూచి, నూటయొకటవసారియు జరుగదని మనము నమ్ముదుము.

మొదటిది విద్యుత్తు. వెల్డింగు దుకాణములలో పనిముక్కకు తగిలించు తీగను “ఎర్త్” అని పిలుచుట వాడుక. నిజమునకు అది భూమికి పోవు తీగ కాదు, విద్యుత్తు యంత్రమునకు తిరిగిపోవు దారి మాత్రమే. ఆ పేరు వలన యంత్రమునకు ఎర్త్ ఉన్నదని అందరును భ్రమపడుదురు. యంత్రపు ఇనుప పెట్టెను భూమితో కలుపు ఎర్త్ వేరుగా ఉండవలెను. లోపల తీగ తెగి పెట్టెకు తగిలినప్పుడు ప్రాణము కాపాడునది ఆ రెండవ తీగయే. హోల్డరు వద్ద రాడ్డు తగులనప్పుడు 80 వోల్టుల వరకు ఉండవచ్చును. పొడి చేతికి అది అంతగా తెలియదు. వానలో, చెమటతో తడిసిన బట్టలతో, ఇనుప తొట్టిలో కూర్చుండి చేయు పనిలో అదియే ప్రాణాంతకము. పొడి చేతి తొడుగులు, రబ్బరు అడుగు గల బూట్లు, కాలి క్రింద పొడి చెక్క ఉండవలెను. గ్రైండరు, డ్రిల్లు మొదలగు చేతి యంత్రముల లైనుకు 30 మిల్లీ ఆంపియర్లకే విద్యుత్తును ఆపు రక్షక స్విచ్చి అమర్పవలెను. కొక్కెము వేసి విద్యుత్తు లాగుట నేరమే కాదు, మృత్యువును ఇంటికి పిలుచుట.

రెండవది గ్రైండరు. నాలుగంగుళముల గ్రైండరు నిమిషమునకు సుమారు 11,000 చుట్లు తిరుగును. ఆ చక్రపు అంచు గంటకు 200 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నట్లు లెక్క. పెద్ద పని త్వరగా ముగించుటకై గార్డు ఊడదీసి ఏడంగుళముల చక్రమును బిగించువారు ఉన్నారు. అట్టి చక్రము సామాన్యముగా 8,500 చుట్లకే తగినది. అది పగిలినచో ముక్కలు తూటాలవలె వచ్చును. చక్రముపై వ్రాసిన వేగము యంత్రపు వేగమునకు తక్కువ కారాదు. దసరా నాడు ఆయుధపూజ చేసి గ్రైండరుకు బొట్టు పెట్టుదుము. గార్డు ఊడదీయకుండుటయు ఆ పనిముట్టునకు చేయు గౌరవమే. ఇనుప రవ్వ కంటిలో పడినచో నలుపరాదు, సూదితోనో గుడ్డ కొనతోనో తీయించుకొనరాదు. కంటి ఆసుపత్రికే పోవలెను.

మూడవది గ్యాసు సిలిండర్లు. ఆక్సిజను తనంతట మండదు కాని మండుదానిని భయంకరముగా మండించును. దాని వాల్వుకు నూనె గాని, గ్రీజు గాని తగులరాదు. ఉక్కగా ఉన్నదని, బట్టల మీది దుమ్ము పోవలెనని ఆక్సిజనును ఒంటిమీదికి వదలుకొనుట ఆత్మహత్యతో సమానము. అసిటిలీను సిలిండరును పండబెట్టి వాడరాదు. రెండింటిని నిలువుగా నిలిపి గొలుసుతో కట్టవలెను. గొట్టములలో కారుటను సబ్బునీటితో చూడవలెను గాని అగ్గిపుల్లతో కాదు. మంట వెనుకకు ప్రాకకుండ అడ్డు కవాటములు ఉండవలెను.

నాలుగవది ఖాళీ డ్రమ్ము. రైతులు డీజిలు డ్రమ్మును, ట్రాక్టరు ట్యాంకును, పురుగుమందు పీపాను తెచ్చి, కోసి ఇమ్మనియో, చిల్లి పూడ్చి పెట్టుమనియో అడుగుదురు. “అందులో ఏమీ లేదు, ఖాళీదే” అందురు. ద్రవము ఖాళీ అయినది కాని ఆవిరి నిండియున్నది. నిండు డ్రమ్ముకంటె ఖాళీ డ్రమ్ము పేలుటకే ఎక్కువ అవకాశము కలదు. లోపల ఏమి ఉండెనో తెలియని డ్రమ్మును ముట్టకుండుట ఉత్తమము. “ఇది చేయలేము” అని చెప్పు ధైర్యము పనివానికి, దానిని మన్నించు సంస్కారము రైతుకు ఉండవలెను.

తుదకు నిప్పురవ్వలు. అవి పది మీటర్లకు పైగా ఎగురును. 11 మీటర్ల లోపల గడ్డివాము, పత్తి, గోనెసంచులు, రంగు డబ్బాలు ఉండరాదు. పనివాడు సామాను సర్దుకొని పోయిన తరువాత లోలోపల రాజుకొని మంట లేచుట కద్దు. ఇదియు ఆలస్యముగా తెలియు ఆపదయే. కావున పని ముగిసిన పిదప ఒక గంటసేపు ఎవరో ఒకరు కావలి యుండవలెను. రెండు బకెట్ల ఇసుక, ఒక అగ్నిమాపక సిలిండరు ఎప్పుడును సిద్ధముగా ఉండవలెను. ఒళ్లు కాలినచో 20 నిమిషములు చల్లని నీటిధార క్రింద ఉంచవలెను. సిరా, పేస్టు, పిండి పూయరాదు. విద్యుత్తు తగిలినవానిని ముట్టకమునుపు స్విచ్చి తీయవలెను. పిదప 108కి ఫోను చేయవలెను.

అదుపునకు ఒక క్రమము

ప్రమాదము అనగానే మనకు మాస్కు, కళ్లద్దములు తోచును. అవి అవసరమే కాని వాని స్థానము చివరిది. మొదట అడుగవలసినది, ఈ ప్రమాదకరమైన పని లేకుండ జరుపుకొనవచ్చునా? వెల్డింగునకు మారుగా బోల్టులు బిగింపవచ్చును. తరువాత, హాని చేయు వస్తువునకు బదులు మేలైనది దొరకునా? సీసపు రంగునకు మారుగా సీసము లేని రంగు. మూడవది, మనిషికిని కీడునకును నడుమ అడ్డు పెట్టవచ్చునా? తెర, గార్డు, ఫ్యాను, ఎర్త్ ఇట్టివి. నాలుగవది, పనిచేయు పద్ధతి మార్చవచ్చునా? వెల్డింగు ఉదయము, రంగు సాయంకాలము చేయుట ఇట్టిది. ఇవి అన్నియు చేసిన పిదప మిగిలిన ప్రమాదమునకే మాస్కు, కవచము. ఏలయన, మాస్కు తగిలించుకొనుట మనిషి మరచును, ఉక్కపోతకు తీసివేయును. ఒకమారు సరిగా బిగించిన గార్డు తానుగా మరచునది కాదు.

పంచాయతీ ఏమి చేయవచ్చును?

1948 నాటి ఫ్యాక్టరీల చట్టములో విద్యుత్తు వాడు చోట 10 మంది పనివారున్న కర్మాగారమే లెక్కకు వచ్చినది. 2020 నాటి వృత్తిభద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతిలో ఆ సంఖ్య 20కి పెరిగినది. ఇద్దరు ముగ్గురు పనిచేయు మన ఊరి దుకాణము అట్టి కర్మాగారముల లెక్కలోనికి రాదు. తనిఖీ అధికారి దాని గడప త్రొక్కుట అరుదు. కావున దానిని కనిపెట్టవలసిన కన్ను ఊరిదే కావలెను.

పంచాయతీ చేతిలో దండముకంటె మేలైన సాధనము ఒకటి కలదు. బడి గేటు, అంగన్‌వాడీ గ్రిల్లు, నీళ్ల ట్యాంకు నిచ్చెన, చెత్తబండ్లు, వీనిని చేయించునది పంచాయతీయే. అనగా ఆ దుకాణమునకు పంచాయతీ పెద్ద ఖాతాదారు. పని ఒప్పగించు కాగితములో మూడు వాక్యములు చేర్చవచ్చును. ముఖ కవచము, తెర లేకుండ వెల్డింగు చేయరాదు. గార్డు లేని గ్రైండరు వాడరాదు. సీసము లేని రంగు వేయవలెను. అందుకు కొంత ఎక్కువ ధర కోరినచో తీర్మానము చేసి ఇచ్చుట న్యాయము. మిక్కిలి తక్కువ ధరకు పని చేయించుకొని, పనివాడు కవచము కొనలేదని నిందించుట ధర్మము కాదు.

దుకాణము పెట్టుటకు అనుమతి కోరి వచ్చినప్పుడు స్థలమును చూడవలెను. బడికి, అంగన్‌వాడీకి, గడ్డివాములకు దూరముగా నుండుట మంచిది. విద్యుత్తు శాఖవారిని పిలిచి ఏడాదికొకసారియైనను ఎర్త్‌ను పరీక్ష చేయింపవలెను. పదునాలుగేండ్ల లోపు బాలలను పనిలో పెట్టుట, పదునెనిమిదేండ్లు నిండనివారిని ప్రమాదకరమైన వృత్తులలో పెట్టుట చట్టవిరుద్ధమని 1986 నాటి చట్టమునకు 2016లో చేసిన సవరణ చెప్పుచున్నది. సెలవులలో పని నేర్చుకొనుటకని పిల్లవానిని దుకాణమునకు పంపు తలిదండ్రులకు ఈ మాట మీరే చెప్పవలెను.

ప్రధానమంత్రి సురక్షా బీమా పథకము 2015లో వచ్చినది. బ్యాంకు ఖాతా గల 18 మొదలు 70 ఏండ్లవారు ఏడాదికి 20 రూపాయలు చెల్లించినచో, ప్రమాదమున మరణించినను, పూర్తిగా అంగవైకల్యము కలిగినను 2 లక్షల రూపాయలు లభించును. మీ ఊరి వెల్డర్లలో ఎందరు ఇందులో చేరినారో అడిగి చూడుడు. అయితే ఇది ప్రమాదమునకే గాని, మెల్లగా వచ్చు రోగమునకు వర్తింపదని గుర్తుంచుకొనవలెను.

ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ 1700లో వృత్తుల వలన కలుగు రోగములపై ఒక గ్రంథము వ్రాసినాడు. రోగిని చూచు వైద్యుడు “నీవు చేయు పని ఏమి?” అని కూడ అడుగవలెనని ఆయన బోధించినాడు. మూడు శతాబ్దములు గడచినను ఈ ప్రశ్న అవసరము తీరలేదు. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని, ఆశా కార్యకర్తను కలిసి, వెల్డింగు, రంగు పనివారు వచ్చినప్పుడు ఈ ప్రశ్న వేయుమని కోరుడు. ఏడాదికొకసారి వారికి కన్ను, చెవి, ఊపిరి పరీక్షలు జరుగునట్లు ఒక దినము ఏర్పాటు చేయుడు.

మేము ముందు చెప్పిన గ్రామమునకు కొన్ని నెలల పిదప మరల పోయితిమి. ఆ దుకాణము ముందు పాత రేకులు రెండు నిలువుగా పాతియున్నవి. బడి గేటు పని ఇచ్చినప్పుడు సర్పంచి గారు పెట్టిన షరతట అది. యువకుని చేతిలో ముఖ కవచము ఉన్నది. పిల్లలు రేకుల ఇవతల ఆడుకొనుచున్నారు. “రాత్రిళ్లు ఎట్లున్నది, నాయనా?” అని యడిగితిమి. “నిద్ర పడుతోందండీ” అనెను. గాలి లాగు ఫ్యాను ఇంకను లేదు, గ్రైండరుకు గార్డు లేదు. చేయవలసినది చాల ఉన్నది. కాని రెండు పాత రేకులు, ఒక షరతు మొదలు కాగలిగినవి.

మీరు ఊరికి చేరిన తరువాత ఒక సాయంకాలము మీ ఊరి వెల్డింగు దుకాణము ముందు పావుగంట నిలువుడు. మెరుపు బాటకు కనబడుచున్నదా, పొగ ఎవరి ముఖమునకు పోవుచున్నది, గార్డు ఉన్నదా, యంత్రమునకు వేరే ఎర్త్ ఉన్నదా, థిన్నరు ఏ సీసాలో ఉన్నది అని చూడుడు. చూచినదానిని తదుపరి పంచాయతీ సమావేశమున చర్చకు పెట్టుడు. పనివాడు “ఇప్పుడేం కాదండీ” అన్నచో, “రేపటి మాట అడుగుచున్నాము, నాయనా” అని చెప్పుడు.